ఒడిబియ్యం అడుగున నూట పదహార్లు

పోయిన నెల మిద్దె మీద కందులు ఎండబోసి కిందికి దిగుతుంటే గూట్లో పెట్టిన ఫోను టింగుమంది. కళ్లద్దాలు వెతికి పెట్టుకుని చూస్తే, నా ఖాతాలో యాభై వేల నూట పదహారు రూపాయలు పడ్డాయని బ్యాంకు వాళ్ల సందేశం. పంపినవాడు మా మేనల్లుడు, పోయిన మా అన్న కొడుకు. వచ్చే నెల నాకు ఒడిబియ్యం పోయాలనుకున్నారట, చిన్న బంగారమేదైనా చేయించుకో అత్తమ్మా అని ముందుగానే పంపాడు. సంతోషించాల్సింది పోయి నేను ఆ అంకెను మూడుసార్లు చదువుకున్నాను. ముప్పై ఏళ్లు ఏఎన్‌ఎంగా నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి, మీసాలు తిప్పే మగవాళ్లను కూడా గదమాయించి సూదులు వేసినదాన్ని, ఖాతాలో ఎవరైనా డబ్బు వేస్తే మాత్రం ఇప్పటికీ వణికిపోతాను. ఆ భయం నోట్ల రద్దు ఏడాదిలో పట్టుకుంది.

ఆ ఏడాది ఎండాకాలంలో మా అన్న చిట్యాల దగ్గరి రెండెకరాలు అమ్మి, నన్ను పిలిచి ఒడిబియ్యం పోయించాడు. మన వైపు పుట్టినవాళ్లకు ఆ ముచ్చట చెప్పనక్కర్లేదు, పీట మీద కూర్చుంటే అన్నా వదినా కలిసి పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు దోసిళ్లతో ఒడిలో పోస్తారు, ఆ మూటను దారిలో విప్పకూడదు, ఇంటికి తెచ్చి దేవుడి ముందు పెట్టాకే విప్పాలి. నేనూ అలాగే తెచ్చి విప్పితే, బియ్యం అడుగున రవిక గుడ్డలో చుట్టిన నోట్ల కట్టలు, మొత్తం నాలుగు లక్షలు, వాటి పక్కన పసుపు గుడ్డ ముడిలో విడిగా నూట పదహార్లు. వెంటనే అన్నకు ఫోను చేశాను. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఎన్నేండ్లుంటవే కిరాయి ఇండ్లల్ల, జాగ ఉన్నది గదా, ఇల్లు కట్టుకో. మీ వదినకు తెల్వది, పోరగాండ్లకు తెల్వది. నీ నోట్లెనే ఉంచుకో."

అప్పుడే నేను బ్యాంకుకు పోయి ఉంటే ఈ కథే లేదు. కానీ ఒడిలోకి వచ్చిన సొమ్ము ఇంటి గడప దాటితే మంచిది కాదని, కొత్త ఇంటికి ముగ్గు పోసిన రోజే బయటికి తీయాలని నాకొక పట్టింపు. ఆ ఏడు మా ఇంటాయన పేరు మీద ముహూర్తం కుదరలేదు, తర్వాత మూఢాలు వచ్చాయి, కట్టలు బియ్యం డబ్బాలోనే ఉండిపోయాయి. ఒకనాడు పొద్దున్నే పాత నోట్లు చెల్లవని వాడంతా గోల. రెండు రోజులు వరసలో నిలబడి నాలుగు లక్షలూ నా ఖాతాలో వేసి, అమ్మయ్య అనుకున్నాను. చెల్లే నోట్లే గనక ఆ నూట పదహార్లు మాత్రం పసుపు ముడిలోనే ఉంచాను.

కొన్ని నెలలకు ఆదాయపు పన్ను వాళ్ల నోటీసు వచ్చింది. నా పేరు, నా ఖాతా నంబరు, నేను వేసిన మొత్తం, అది ఎక్కడిదో చెప్పమని అడుగుతూ నాలుగు ముక్కలు. పక్క పోర్షన్‌లో ఉండే రిటైరైన గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ముప్పావు వంతు పన్నుకే పోతుందని, పింఛను కూడా ఆపేస్తారని తీర్పు చెప్పాడు. ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. పన్ను భయం ఒకటైతే, దాన్ని మించిన భయం ఇంకొకటి. అన్న ఇచ్చాడని చెబితే అన్నను అడుగుతారు, అన్నను అడిగితే వదినకు తెలుస్తుంది, పొలం అమ్మిన సొమ్ము ఆడబిడ్డకు చాటుగా పెట్టాడని ఆ ఇంట్లో మంట రేగుతుంది, ఇక ఆ గడప నేను ఎలా తొక్కను? అన్న పేరు చెప్పకపోతే దొంగ సొమ్ము అవుతుంది. పోస్టుమాన్ సైకిల్ బెల్లు వినిపిస్తే తలుపు చాటుకు పోయేదాన్ని, ఆయన పాపం పక్కింటికి వచ్చినా సరే.

చివరికి మా ఇంటాయన నన్ను నల్లగొండలో ఒక ఆడిటరు దగ్గరికి లాక్కుపోయాడు. ఆయన నోటీసు చదివి, ఎవరిచ్చారని అడిగాడు. మా అన్న అన్నాను.

"సొంత అన్ననా, చిన్నాయన కొడుకానమ్మా?"

"ఒక్క తల్లి కడుపుల పుట్టినం సార్."

అయితే ఎంత ఇచ్చినా పన్ను లేదని తేలిగ్గా అనేశాడు. మొగుడూ పెళ్లాలు, తోడబుట్టినవాళ్లు, తల్లిదండ్రుల తోడబుట్టినవాళ్లు, అత్తగారి వైపు తోడబుట్టినవాళ్లు, తాతలు, పిల్లలు, మనవలు, వీళ్లందరి భార్యలూ భర్తలూ, ఇలా చట్టంలో చుట్టాల పట్టిక ఒకటి ఉందట. ఆ పట్టికలోని వాళ్లు ఇస్తే లెక్క లేదట, బయటివాళ్లు ఇస్తే ఏడాది మొత్తం మీద యాభై వేల దాకానేనట, ఒక్క రూపాయి దాటినా మొత్తం ఆదాయం కిందికి వస్తుందట. పెళ్లిలో చదివించింది ఎవరిదైనా పన్ను లేదట గానీ, ఒడిబియ్యానికి ఆ మినహాయింపు లేదట. ఇన్ని చెప్పి, నోటిమాట చాలదమ్మా, ఇచ్చానని మీ అన్న రాసివ్వాలె, పొలం అమ్మిన కాయితం నకలు, బ్యాంకులో పైసలు తీసిన చీటీ తేవాలె అన్నాడు. దిగిన భయం మళ్లీ ఎక్కింది.

చిట్యాలలో బస్సు దిగి ఆటో ఎక్కి ఊరు చేరేసరికి అన్న అరుగు మీద ఉన్నాడు, వదిన చేటలో కందులు చెరుగుతోంది. రెండుసార్లు చాయ తాగాను. ఆఖరికి అన్నను బర్రెల కొట్టం వెనక్కి పిలిచి, సగం చెప్పి ఏడ్చేశాను. తల ఎత్తితే వదిన చేట పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆ నిమిషం నా పుట్టిల్లు అయిపోయిందనే అనుకున్నాను.

"ఏందమ్మా, గా పైసల ముచ్చటనేనా? ఒడి నింపింది నేను. గంప అడుగున ఏమున్నదో నాకు తెల్వదా? ఉత్త సున్నలు ఆడబిడ్డ ఒడిల పొయ్యొద్దని నూట పదహార్లు ముడేసి పెట్టింది ఎవరనుకున్నవ్?"

అన్నకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. కొడుకులకు కూడా ఎప్పుడో చెప్పేసిందట. బ్యాంకు చీటీ పసుపు డబ్బా కింద నుంచి తనే తీసిచ్చింది. మరునాడు ముగ్గురం నల్లగొండ పోయాం. ఆడిటరు రాయించిన కాగితంలో 'నా చెల్లెలికి ప్రేమాభిమానాలతో ఇచ్చితిని' అనే మాట చదువుతుంటే, గిదంతా రాయాల్నా సార్ అని మా అన్న సిగ్గుపడి, కింద సంతకం పెట్టాడు. సాక్షిగా వదిన పెట్టింది. కాగితాలు పంపాక ఎనిమిది నెలలు గుండె చేతిలో పెట్టుకుని బతికాను, ఆ తర్వాత సరేనని జవాబు వచ్చింది, ఇంటికి ముగ్గూ పడింది. నకలు ఇప్పటికీ బీరువాలో చీరల కింద ఉంది. అన్న చేత్తో ప్రేమ అనే మాట కింద సంతకం ఉన్నది ఆ ఒక్క కాగితంలోనే. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయన దవాఖానకు పోయి మళ్లీ ఇల్లు చేరలేదు.

అందుకే పోయిన నెల ఫోను మోగగానే మళ్లీ ఆ ఆడిటరుకే చేశాను, గొంతు ముసలిదైనా మనిషి అదే మనిషి. మేనత్త మేనల్లుడికి ఎంతిచ్చినా పన్ను లేదు గానీ, మేనల్లుడు మేనత్తకు ఇస్తే ఆ పట్టికలో లేదమ్మా అన్నాడు. నూట పదహార్లే హద్దు దాటించాయట. వాడి తప్పు ఏముంది, ఉత్త సున్నలు పంపొద్దని వాళ్లమ్మ నేర్పిన పద్ధతే కదా! రిటర్నులో చూపిద్దాం, మీ పింఛనుకు పెద్దగా ఏం పడదు, ఫికర్ చేయకండి అని ధైర్యం చెప్పాడు. మరి వదిన ఇస్తే అని అడిగాను. అన్న భార్యగా ఆమె పట్టికలోనే ఉంటుంది, ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటానన్నాడు. ఫోను పెట్టేశాక లెక్క వేసుకున్నాను. నేను ఎత్తుకుని పెంచిన పిల్లవాడు చట్టానికి నా చుట్టం కాదు, వేరే ఇంట పుట్టి వచ్చిన వదిన చుట్టం. మన ఆచారమేమో తిరగబడి ఉంది, ముత్తైదువ కాదని వదినను ఒడిబియ్యానికి దూరంగా కూర్చోబెడుతుంది.

నిన్న పోయి వచ్చాను. కోడలు గంప సిద్ధం చేసింది, వదిన దర్వాజా పక్కన గోడకు ఒదిగి కూర్చుంది. వదిన పోస్తేనే ఒడి పడతానని పీట మీద మొండికేశాను. వదిన తల అడ్డంగా ఊపింది.

"వద్దమ్మా, నాకు భయమైతాంది. నీ ఇంటాయనకు ఏమన్నయితే?"

నాకు మాత్రం భయం లేదా, అబద్ధమెందుకు, ఉంది. అయినా కొంగు పట్టుకుని కూర్చున్నాను. ఆమె లేచి వచ్చి మూడు దోసిళ్లు పోసింది, వేళ్ల సందుల్లోంచి సగం గింజలు నేల మీద రాలాయి, మేనల్లుడు వంగి ఒక్కొక్కటే ఏరి నా ఒడిలో వేశాడు.

వెనకటికి ఒడిలో ఏముందో ఇంటికి వచ్చి విప్పితేగాని తెలిసేది కాదు, ఇప్పుడు ఎవరు ఎంతిచ్చారో ఇచ్చిన నిమిషానే ఫోను చెప్పేస్తుంది, ఎవరు చుట్టమో ఎవరు కారో కూడా అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది. ఈసారి అడుగున ఏమీ పెట్టవద్దని నేనే చెప్పి వచ్చాను. అయినా ఇంటికి వచ్చి విప్పితే పసుపు గుడ్డ ముడి ఒకటి ఉంది, లెక్కపెట్టలేదు, ఎంతో తెలుసు. ఒడిబియ్యం వండి నలుగురికీ పెట్టాలి. నాకింకా చేతులు రావడం లేదు. వదినకు డెబ్బై దాటాయి, ఇవి అయిపోతే మళ్లీ పోసేవాళ్లు ఉంటారో ఉండరోనని భయం.