అత్తయ్య విస్తట్లో నా కవర్ పేజీ

ఆ రోజుల్లో నా కంటికి ప్రపంచమంతా కవర్ పేజీలాగే ఉండేది. పాలకొల్లులో డిగ్రీ చదువుతూ, ఫోన్లో వీడియోలు చూసి ఫోటోగ్రఫీ, డిజైన్ రెండూ వచ్చేశాయనుకున్న వయసు. రెండు చేతుల వేళ్ళతో చట్రం కట్టి, ఒక కన్ను మూసి, బస్టాండులో గేదెను కూడా అందులోంచే చూసేదాన్ని. (గేదె నన్నెలా చూసేదో చెప్పను.) మా కాలేజీ మ్యాగజైన్‌కి ఏటా ఒకటే అట్ట: కాలేజీ బిల్డింగు. ఆ ఏడు గోదావరి వంటల మీద ప్రత్యేక సంచిక అనగానే, కవర్ నేను చేస్తానని చెయ్యెత్తేశాను. మ్యాగజైన్ చూసే తెలుగు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "రేపు సాయంత్రం ప్రెస్సుకి పంపాలమ్మా. నీది రాకపోతే మన బిల్డింగు ఎలాగూ ఉందిగా" అన్నారు. ఆ క్షణం నుంచి ఆ బిల్డింగు మీద నాకు పగ పట్టుకుంది.

మర్నాడు మా వీధి ఫోటో స్టూడియో అన్నయ్యని బతిమాలి కెమెరా తెచ్చుకుని మేనత్త ఇంటికి వెళ్ళాను. వంటలో అత్తయ్యకి మా చుట్టాల్లో తిరుగులేదు. పెరట్లో బల్ల, బల్ల మీద అరటాకు, స్టూలు మీద నేను. ఆకు కింది భాగంలో వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి ఉండాలి. పై భాగమంతా ఖాళీగా, పచ్చగా మెరవాలి. మ్యాగజైన్ పేరు అక్కడ వస్తుంది. కవరుకి ఖాళీయే అందమని వీడియోలో చెప్పారు. అత్తయ్య ఆ వీడియో చూడలేదు.

నేను కెమెరా ఎత్తేసరికి, "ఉండవే, పైనంతా బోసిగా ఉంది" అంటూ ఆవకాయ వేసేసింది. నూనె ఆకంతా పాకింది. మావయ్య కొత్త ఆకు కోసుకొచ్చారు. ఈసారి పనసపొట్టు కూర వచ్చిపడింది.

"అత్తయ్యా, అక్కడేం వెయ్యకండి! ఖాళీ కావాలి."

"కూర లేని విస్తరి ఫోటో తీసి ఊరంతా పంచుతావా? వీళ్ళింట్లో కూర కూడా వండలేదనుకోరూ?"

"మీ ఇల్లని ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది కదే!"

నేను ఇంకో ఆకు పరిచాను. పాడైన ఆకు పాడైనట్టు పక్కకి తీసుకుని మావయ్య భోంచేస్తున్నారు. మూడో ఆకు దగ్గర ఆయన పంచె వదులు చేసుకుని, "ఇంకా ఎన్ని ఫోటోలున్నాయమ్మా?" అని నీరసంగా అడిగారు. ఇంతలో కొబ్బరిచెట్ల నీడ బల్ల మీదకి పాకడం మొదలైంది. వెలుగు పోతే మళ్ళీ బిల్డింగే. నాకు ఏడుపొచ్చేసింది.

"అక్కడ మ్యాగజైన్ పేరు వస్తుందండీ. ఆ చోటు దానికోసం" అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

అత్తయ్య మెత్తబడింది. "అయితే ఎవరికోసమో అట్టేపెట్టిన చోటన్నమాట. ముందే చెప్పొచ్చుగా!" అని వెనక్కి జరిగింది. నేను ఊపిరి బిగబట్టి నొక్కాను. సరిగ్గా అప్పుడే, "ఆ వచ్చేవాళ్ళెవరో వచ్చేలోగా కాస్త నెయ్యి" అంటూ గాజుల చెయ్యి, చేతిలో గరిటె, ఫోటోలోకి దూరిపోయాయి. మరుక్షణం బల్లంతా నీడ.

మిగిలింది ఆ ఒక్క ఫోటోయే. ఇంటికొచ్చి కంప్యూటర్లో దాన్ని చూస్తూ కాసేపు తిట్టుకున్నాను. పైనుంచి చెయ్యి, కింద అన్నం, మధ్యలో ఖాళీ ఆకు. వేరే దారిలేక మ్యాగజైన్ పేరు సరిగ్గా గరిటె కింద పెట్టాను. చూస్తే ఏముంది, అత్తయ్య ఆ అక్షరాలనే వడ్డిస్తోంది! మాస్టారు కవర్ని చాలాసేపు చూసి, "అమ్మాయ్, ఆకలేస్తోంది" అన్నారు. బిల్డింగు ఆ ఏడు లోపలి పేజీకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు రాజమండ్రిలో అదే పని, ఫోటోలూ డిజైన్లూ, చేసుకుని బతుకుతున్నాను. "ఇక్కడ ఖాళీగా ఉందండి, మా షాపు బోర్డు ఫోటో పెట్టండి" అని ఎవరైనా అన్నప్పుడు కోపం రాదు, అత్తయ్య గుర్తొస్తుంది. మొన్న వాళ్ళింటికి వెళితే, అన్నం, పప్పు వడ్డించి, ఆకు పైభాగం బోసిగా వదిలేసి నిలబడింది. "నీకు ఖాళీ అంటే ఇష్టం కదమ్మా" అంది, నవ్వు ఆపుకుంటూ. వంటింట్లోంచి పనసపొట్టు కూర తిరగమోత వాసన వస్తోంది. ఫోటో తీసిన రోజు ఆ కూరని ఆకుతో సహా మావయ్యకి తోసేసి, మెతుకు ముట్టకుండా కెమెరాతో పరుగెత్తాను.

"అత్తయ్యా, ఇక్కడ మరీ బోసిగా ఉందండీ" అంటూ ఆకు ముందుకు జరిపాను. స్టూలెక్కిన ఆ పిల్ల వింటే సిగ్గుపడేది. పడనీ, పాపం, దానికప్పుడు ఆకలి కూడా తెలియలేదు.