ఏడో మోడల్ పేపరు

మా మేడ మీద అద్దెకున్న డిగ్రీ అమ్మాయికి మైక్రో ఎకనామిక్స్ ఒకసారి తప్పింది. ఈసారి గట్టెక్కాలని, మూడేసి గంటల మోడల్ పేపర్లు పది రాయాలనుకుంది. మా వరండాలో ఆమె రాసేది, నేను టైము చూసేదాన్ని. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఫోను నా చేతికిచ్చి, "నేనడిగినా ఇవ్వకండి మామ్మగారూ" అనేది. నేను బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని.

ఏడో పేపరు మొదలైన గంటా పది నిమిషాలకు ఫోను మోగింది. ఆమె తలెత్తింది.

"రాసుకో తల్లీ, ఇంకా గంటా యాభై నిమిషాలుంది" అన్నాను.

"మీరు పరీక్ష హాల్లో సారుకన్నా గట్టివారండీ" అని నవ్వి, డిమాండు రేఖ గీసుకుంది. ఫోను మరో నాలుగుసార్లు మోగింది.

కొల్లేరు పక్క చేపల చెరువు గట్టు మీద వాళ్ల నాన్నకు గుండెనొప్పి వచ్చింది. ఏలూరు ఆసుపత్రికే తెచ్చారు. మా ఇంటికి అది పది నిమిషాల దూరం. కూతురేదని అడుగుతూనే పోయాడట.

పదహారో రోజున తిరిగొచ్చింది.

"నేను చెప్పినట్టే చేశారు కదండీ" అంది.

ఎనిమిదో పేపరు తీసి, ఫోను నా చేతికిచ్చింది. ఈసారి నేను బీరువా తెరవలేదు. మూడు గంటలూ ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారీ మోగలేదు.