గడప దాటకుండా కెమెరాను వెతికిన సరితక్క

ఇవాళ ఉదయం ఆఫీసులో నా బల్ల తుడుస్తుంటే సానిటైజర్ వాసన ముక్కుకు తగిలింది. అవును, ఆఫీసే. పరికరాలను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు, అదే డ్రైవర్లు, రాసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఎదురైన ప్రతి మనిషికీ చెప్పేస్తున్నాను, మీకూ చెబుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. కానీ ఆ వాసన నన్ను ఆఫీసులో ఉండనివ్వలేదు. సూరత్‌లో మా నవాగామ్ వరండాకు, సరితక్క గుమ్మం ముందుకు పట్టుకుపోయింది.

సరితక్క వాళ్లది మా ఎదురు గది. మాలాగే తెలంగాణ నుంచి పనికోసం వలసొచ్చినవాళ్లు. అక్క, బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది. లాక్‌డౌన్ పెట్టగానే మా బాపు నడిపే సాంచాలు ఆగిపోయాయి. పగలూ రాత్రీ మోగే ఆ మరమగ్గాల చప్పుడు లేక మా వీధికి నిద్ర పట్టేది కాదు. ఆ రోజుల్లోనే అక్క, మిల్లువాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్‌ను అడిగి తెచ్చి, లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి, చదువుకోమని నాకిచ్చింది. నల్లటి తెరమీద ఏదో ఒక వరుస కొట్టి, మౌస్‌ను బాపు చేతిలో పెట్టింది.

"దీన్ని జర కదుపు మామా."

పాడవుతుందేమోనని బాపు రెండు వేళ్లతో కదిపాడు. తెరమీద ఏ భాషకూ చెందని అక్షరాలు బిలబిలా రాలాయి. చెయ్యి ఆపితే ఆగాయి.

"ఏంది బిడ్డా ఇది? నేనేం రాయలే గదా."

"నీ చెయ్యి కదిలిన సంగతే మామా. ఫైల్లకెల్లి గిట్ల వస్తున్నది."

కంప్యూటర్‌లో అన్నిటికంటే లోపల ఉండేది కెర్నెల్ అని అప్పుడు చెప్పింది. మౌసైనా, కెమెరా అయినా దాన్ని నేరుగా పలకరించేది అదే. మిగతా ప్రోగ్రాముల కోసం ఆ పరికరాలకు ఫైలు పేర్లు పెట్టి, డెవ్ అనే ఫోల్డర్‌లో ఉంచుతుంది. ఆ ఫైలు వివరాలు అడిగితే సైజు ఉండాల్సిన చోట రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఏ డ్రైవరో, రెండోది దాని కింద ఏ పరికరమో చెబుతుంది. ఏ షెడ్డు, అందులో ఏ సాంచా అన్నట్టేనని అక్క బాపుకు వివరించింది. బాపు ఆ పూటంతా మౌస్ కదుపుతూనే కూర్చున్నాడు. నాకైతే ఒళ్లు జలదరించింది. ఫైలంటే ఎప్పుడో దాచిపెట్టింది అనుకునేవాణ్ని. ఇందులో దాచిందేమీ లేదు, ఆ క్షణాన జరుగుతున్నదే ఉంది.

మరుసటి ఏడు నా చివరి సెమిస్టర్ వైవా వీడియోలో పెట్టారు. ముఖం కనిపించకపోతే గైర్హాజరు వేస్తామన్నారు. ఆ ఉదయం దోస్తు దగ్గర తెచ్చిన కెమెరా తగిలిస్తే, వీడియో ప్రోగ్రాం కెమెరానే లేదంది. సరితక్క వాళ్లమ్మకు కరోనా వచ్చి, అక్క కూడా గది దాటకూడని రోజులవి. మొత్తం తుడిచేసి సిస్టమ్ మళ్లీ వేస్తానని మా గుమ్మంలోంచి అరిచాను. అక్క మాస్కు కట్టుకుని, కుర్చీ తన గడప దాకా లాక్కుంది.

"ఏం తుడవకు తమ్మీ. దాన్ని ఎవ్వలు చూసిన్రు, ఎవ్వలు చూడలే, ముందుగాల గది అడుగు."

ఆమె అడగడం, నేను కొట్టడం, తెరమీద ఏముంటే అది వరండా మారుమోగేలా చదవడం. యూఎస్‌బీ జాబితాలో కెమెరా పేరుంది. అంటే కెర్నెల్ చూసింది. డెవ్‌లో వీడియో జీరో అనే ఫైలుంది. అంటే డ్రైవర్ దాన్ని అందుకుంది. ఆ ఫైలు తెరవబోతే మాత్రం అనుమతి లేదంది. అక్క మాస్కు వెనకనుంచి నవ్వింది.

"కెమెరా మంచిగనే ఉన్నది. తాళం నీకే పడ్డది."

ఆ ఫైలు వీడియో అనే గుంపుది, ఆ గుంపులో నా పేరు లేదు. అక్షరం అక్షరం ఆమె చెబితే నా పేరు చేర్చాను. అయినా అనుమతి లేదనే వచ్చింది. బాపు వచ్చి నా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఒకపారి బయటికి పోయి మళ్ల లోపటికి రా. నువ్వు ఏ గుంపోనివో వచ్చేటప్పుడే చూస్తది," అంది అక్క.

లాగౌట్ చేసి మళ్లీ వచ్చాను. తెరమీద నా ముఖం, వెనక బాపు భుజం కనిపించాయి.

వైవాలో ఎగ్జామినర్ డివైస్ ఫైలంటే ఏమిటని అడిగాడు. పొద్దున జరిగిందంతా చెప్పాను, షెడ్డూ సాంచాల పోలికతో సహా. ఎవరు నేర్పారని అడిగితే వరండా వైపు చెయ్యి చూపించాను. పాసయ్యాను.

ఆ రోజు అక్క నా కీబోర్డును ముట్టుకోనే లేదు. నేను చదివి వినిపించినదానిలోంచే యంత్రం లోపలంతా చూసింది. ఇప్పుడు ఏది ఆగిపోయినా నేను వెంటనే విప్పను. ఎంతవరకు సవ్యంగా వచ్చిందో ముందు అడుగుతాను. పరికరాన్నే కాదు, కసురుకున్న మనిషిని కూడా.

నిన్న కరీంనగర్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసి ఉద్యోగం సంగతి చెప్పాను. జీతం అడగలేదు. దేనికి డ్రైవర్ రాస్తున్నావంది. బరువు తూచే యంత్రానికన్నాను.

"అంటే తమ్మీ, గా డెవ్ల ఓ కొత్త పేరు నీ చేతులకెల్లి వస్తదన్నట్టు."

అంతవరకు నాకది తట్టనే లేదు.