ఎలుకల నిద్ర మీద నా పేపరు

మా కాలంలో పరిశోధకుడి తలరాత పోస్టుమాను సంచిలో ఉండేది. ఆ అరవైల్లో మన పేపరు ఎవరైనా చదివారా, తమ పేపర్లో మన పేరు ఎత్తారా అన్నది తెలియాలంటే, ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చిన విదేశీ జర్నళ్ళు తిరగేసి, ప్రతి వ్యాసం చివరా చీమల్లాంటి అక్షరాల్లో ఉండే జాబితాలో మన ఇంటిపేరు కోసం వేలు పెట్టి వెతుక్కోవాలి. నేను రెండేళ్ళు వెతికాను. కళ్ళజోడు వచ్చింది గాని పేరు కనబడలేదు.

అప్పట్లో నేనొక వైద్య కళాశాలలో, మెదడు మీద మందులు ఎలా పనిచేస్తాయో చూసే విభాగంలో తాత్కాలిక ఉద్యోగిని. సర్పగంధి వేరు నుంచి తీసిన మందు ఎలుకలకిచ్చి, అవి ఎంతసేపు నిద్రపోతాయో చూడటం నా పని. ఎలుక కదిలితే మసి పూసిన కాగితం మీద గీత పడే యంత్రం మాకు ఒక్కటే ఉండేది. అందుకని మందిచ్చిన ఎలుకల్ని మధ్యాహ్నం, ఇవ్వనివాటిని దీపాలు పెట్టే వేళ అందులో ఉంచి, పడ్డ గీతల్ని స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. మందు పడినవి హాయిగా నిద్రపోయేవి, పడనివి గెంతులు వేసేవి. (ఫలితం అంత చక్కగా వచ్చినప్పుడు మనిషన్నవాడికి అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.)

పేపరు విదేశంలో అచ్చయింది. నన్ను పెంచిన మావయ్యకి జగ్గయ్యపేటలో బట్టల కొట్టు. వచ్చినవాళ్ళందరితో "మా మేనల్లుడి పేపరు పడిందండీ" అనేవాడు. "మా ఇంటికొచ్చే పేపర్లో కనపళ్ళేదే" అనేవాళ్ళు వాళ్ళు. అసలు నేనేం కనిపెట్టానో అడిగిన మనిషి అత్తయ్య ఒక్కతే. సెలవుకి వెళ్ళినప్పుడు అన్నం వడ్డిస్తూ అడిగితే అంతా వివరంగా చెప్పాను.

"ఎలకలు పగలు పడుకోక ఏం చేస్తాయిరా? మన ధాన్యం కొట్లో అవి తిరిగేది చీకటి పడ్డాకే గదా!" అంది.

"అవి వేరు అత్తయ్యా. ఇవి తెల్ల ఎలకలు."

"నలుపైతే ఏంది, తెలుపైతే ఏంది" అంటూ పెరుగు వేసింది. నేను జాలిగా నవ్వాను. ఆవిడ మీద జాలి!

ఇంతలో మా కాలేజీలో పర్మనెంటు పోస్టు పడింది. "నీ పనిని బయటివాళ్ళెవరన్నా గుర్తించారా అని అడుగుతారోయ్. ఒక్కటి చూపించు, చాలు" అన్నారు మా ప్రొఫెసరుగారు. ఇంటర్వ్యూ ఇంకో వారం ఉందనగా, లైబ్రరీలో ఒక కొత్త జర్నల్లో నా పేరు కనిపించింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుపడింది గాని, నేనే. కుర్చీలోంచి లేచి నిలబడి చదివాను. ఆ వ్యాసం రాసిన దొర మందిచ్చిన ఎలుకల్నీ, ఇవ్వనివాటినీ ఒకే వేళలో పరీక్షించాడట, తేడా ఏమీ కనబడలేదట. ఎలుకలు స్వతస్సిద్ధంగా పగటిపూట నిద్రపోతాయన్న సంగతి ఈ రచయిత గమనించినట్టు లేదు అని మర్యాదగా రాశాడు. మళ్ళీ కూర్చున్నాను. ప్రయోగానికి రెండేళ్ళు, ఎదురుచూపుకి రెండేళ్ళు, నాలుగేళ్ళ బతుకు ఒక్క వాక్యంలో ముగిసింది. లైబ్రరీ మూసేస్తున్నామని వచ్చి చెప్పేదాకా ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. "మీ పేపర్ని ఎవరైనా ప్రస్తావించారా?"

"ఒకరు, సార్. విదేశంలో."

ముగ్గురి ముఖాలూ విప్పారాయి. "వెరీ గుడ్! ఏమన్నారు?"

వాళ్ళెవరూ ఆ జర్నలు చూడలేదని ముఖాలే చెబుతున్నాయి. 'మెచ్చుకున్నారు' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. "తప్పన్నారు సార్. తప్పే" అన్నాను. పోస్టు ఇంకొకాయనకి వెళ్ళింది.

జగ్గయ్యపేట బస్సెక్కాను గాని, మావయ్యకి ముఖం చూపించలేక నందిగామలో దిగిపోయాను. బస్టాండు పక్క హోటల్లో కాఫీ మీద కాఫీ తాగుతూ మూడు బస్సులు వదిలేశాను. ఇక ఏ ఊరికీ, ఏ పనికీ పనికిరానని తేల్చుకుంటున్నప్పుడు, పనిమీద నందిగామ వచ్చిన మావయ్యే ఎదురుగా నిలబడ్డాడు.

"ఇక్కడ దిగావేందిరా?"

జరిగిందంతా చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ దొరకి నీ తప్పు పట్టుకోటానికి ఎంతకాలం పట్టింది?"

"రెండేళ్ళు."

"మీ అత్తయ్య పెరుగేసేలోపు చెప్పిందిగదరా! ఆ ఉద్యోగమేదో దానికిస్తే పోయేది." అని, నేను నవ్వుతానేమోనని చూశాడు. ఏడుపొచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, "తప్పని నువ్వే చెప్పావుగా. పద, బస్సొచ్చింది" అన్నాడు.

తరువాత వేరే కాలేజీలో చేరి ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఎన్నో పేపర్లు, అన్నీ సరైన వేళల్లో చేసినవే, రాశాను. వాటి పేరెత్తినవాళ్ళు దాదాపు లేరు. ఎలుకల నిద్ర పేపరును మాత్రం, ప్రయోగం ఎలా చేయకూడదో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఉదహరిస్తూనే ఉన్నారు, అదే అక్షరదోషంతో. నేను రిటైరయ్యే ఏడాది ఒక విద్యార్థిని ఆ భాగం నాకే చదివి వినిపించి, "ఎవరో పాపం, ఇంత చిన్న సంగతి తెలీలేదు సార్" అంది.

"కుర్రాడై ఉంటాడమ్మా" అన్నాను. "పాపం, గీతలు మాత్రం చాలా శ్రద్ధగా కొలిచేవాడు."