ఖాదర్ మాస్టారు కొలవమన్న షాఫ్టు

పోయిన నెల మద్దిలపాలెం దగ్గర పెట్రోలు బంకులో ఒక పాత కారు బానెట్ ఎత్తి ఆగి ఉంది. ఇంజిన్ నడుస్తోంది. దాని యజమాని, ఎవరో పెద్దాయన, పక్కన నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు. పొడవాటి ఇంజిన్, ఒకే వరుసలో ఆరు సిలిండర్లు. ఇప్పుడలాంటివి రోడ్ల మీద అరుదు. ఆయన్ని అడిగి, ఇంజిన్ మూత మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాను. అప్పుడే స్టార్ట్ చేసినట్టుంది, మూత ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం కింద సన్నటి, ఎడతెగని వణుకొకటి తగిలింది. ఎంత నిదానించినా ఒక సిలిండరు దెబ్బను ఇంకో సిలిండరు దెబ్బ నుంచి విడదీయలేకపోయాను. పెద్దాయన ఏమైందమ్మా అని అడిగారు. ఏమీ లేదండి, బాగుంది అని చెప్పి వచ్చేశాను. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఖాదర్ మాస్టారే మనసులో ఉన్నారు.

ఆయన పేరు అబ్దుల్ ఖాదర్. బస్తీ అంతా ఖాదర్ భాయి అనేవారు, నేను మాస్టారూ అనేదాన్ని. ఇల్లు వన్‌టౌన్‌లో. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో క్రాంక్ షాఫ్టులు గ్రైండింగ్ చేసేవారు. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ ఆటను తిరుగుడుగా మార్చే ఇరుసు అది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి దాని మెడల మీద, అంటే బేరింగుల్లో ఆడే నున్నటి భాగాల మీద, గీతలు పడతాయి. ఆ గీతలు పోయేదాకా తిరిగే రాయితో వెంట్రుకవాసి అరగదీసి, తగ్గినంత మేరకు మందమైన బేరింగులు వేస్తే ఇంజిన్ మళ్లీ కొత్తదానిలా నడుస్తుంది. ఒక్క పిసరు ఎక్కువ అరగదీస్తే షాఫ్టు పాడైనట్టే. వడ్రంగి చెక్కను అతికించినట్టు ఇక్కడ ఇనుమును అతికించడం కుదరదు.

మాది జాలరిపేట. నాన్న వేటకు వెళ్లే బోటు ఇంజిన్ తరచూ మొరాయించేది, దాన్ని విప్పుతుంటే పక్కన కూర్చుని చూడటం నాకు ఇష్టం. అలా పాలిటెక్నిక్‌లో చేరి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాను. తర్వాత పని కోసం నాలుగు వర్క్‌షాపులు తిరిగాను. ఆడపిల్లకి మిషన్ మీద పనేమిటన్నారు, ఆఫీసులో బిల్లులు రాయమన్నారు. ఖాదర్ మాస్టారు అవేవీ అనలేదు. ఒక షాఫ్టు చూపించి, వెంట్రుకవాసి తేడాను కూడా చూపే మైక్రోమీటర్ చేతికిచ్చి, ఒకే చోట మూడుసార్లు కొలిచి కాగితం మీద రాయమన్నారు. రాశాను. చివరి అంకె మూడుసార్లూ ఒకలా రాలేదు. సరిచేసి రాద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చేయలేదు. వచ్చింది వచ్చినట్టు ఇచ్చేశాను. ఆయన కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు.

“మూడుసార్లూ ఒకటే రాసినోల్లని నాను నమ్మను. మనిషి సెయ్యి మారతాది. మారిందని రాసేవు సూడు, అది సాలు. రేపట్నించి రా.”

ఆ షెడ్డులో పని చేయాలంటే రైళ్లతో సర్దుకుపోవాలి. పోర్టు వైపు వెళ్లే గూడ్సు బండి వస్తే నేల అదిరేది. ఆఖరి మెరుగు పెడుతున్నప్పుడు ఆ అదురు తగిలితే షాఫ్టు మీద సన్నటి అలలు పడతాయి. అందుకని దూరంగా కూత వినపడగానే మాస్టారు రాయిని వెనక్కి తీసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. వ్యాగన్లన్నీ పోయి, గోడ మీద క్యాలెండరు ఊగడం మానేసేదాకా కదిలేవారు కాదు. షాఫ్టు కోసం వచ్చిన వాళ్లు విసుక్కుంటే నవ్వేవారు. ఒకసారి ఒక లారీ యజమాని గుమ్మంలో నిలబడి గంట సేపు కేకలేశాడు. అతని మాటలు అయిపోయాక మాస్టారు స్టూలు జరిపి, కూర్చోమని, అప్పుడు జవాబు చెప్పారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచగా నేను చూడలేదు.

ఇంజిన్ల మీద చేయి పెట్టి లెక్కపెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. షెడ్డుకి వచ్చిన ప్రతి బండి మీదా అరచేయి పెట్టించి, దెబ్బలు లెక్కపెట్టమనేవారు. ఆటో తేలిక. నాలుగు సిలిండర్ల జీపు కూడా కొన్నాళ్లకి పట్టుబడింది. ఒకరోజు ఒక తెల్లటి కారు వచ్చింది. దాని మీద చేయి పెట్టి అయిదు నిమిషాలు నిలబడ్డాను, లెక్క తప్పిపోతూనే ఉంది. రావడం లేదు మాస్టారూ అన్నాను.

“రాదు. ఆరుగురు ఒకే వరసలో నిలబడ్డారు. ఇద్దరు పైకెల్తే మిగతా నలుగురూ ఆ ఊపు సర్దేత్తారు. ఒకడి కుదుపు ఇంకొకడు మింగేత్తాడు, బయటికేటీ రాదు. అందుకే అన్నేల్లు బతుకుతాది. కొట్టుకోనిది అరగదు గదా.”

ఆ తెల్ల కారు సీతమ్మధారలో క్లినిక్ ఉన్న డాక్టర్ సుభద్రమ్మ గారిది. వారానికి రెండు రోజులు ఆవిడ పాడేరు వైపు కొండ ఊళ్లకి వైద్యానికి వెళ్లేవారు. తిరిగి వచ్చేటప్పుడు నొప్పులు పడుతున్న గర్భిణిని వెనక సీట్లో పడుకోబెట్టి ఘాట్ రోడ్డు దించడం ఆవిడకి మామూలు. ఎన్ని బండ్లు చూసినా, ఆ మలుపుల్లో మనిషి ఒంటికి వణుకు తెలియకుండా దించేది ఇదొక్కటే అని చెప్పేవారు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ అది. నేను చేరక ముందే దాని షాఫ్టు ఒకసారి మాస్టారే చేశారు. చాలా ఏళ్ల తర్వాత, నేను చేరిన రెండో ఏడు, ఘాట్ మీద నూనె గొట్టం పగిలి, నూనెంతా కారిపోయి, షాఫ్టు మీద మళ్లీ గీతలు పడ్డాయి. ఈసారి చేసేది ఆఖరి సైజు. ఇంకా తగ్గిస్తే బేరింగులే దొరకవు. ఆ మోడల్ బండి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, కొత్త షాఫ్టు వెతికినా రాలేదు. వేరే ఇంజిన్ వేయించుకోమని అందరూ చెప్పారు. ఆవిడ మాస్టారి మీద భారం వేసి షాఫ్టు పంపించేశారు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అప్పటికి అయిదు నెలలుగా మాస్టారి చూపు తగ్గుతోందని నాకు తెలుసు. మైక్రోమీటర్‌ని వెలుతురు కోసం గుమ్మం దాకా తీసుకెళ్లడం, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, తల వాల్చి చూడటం గమనిస్తూనే ఉన్నాను. నువ్వు చదువు, నాను రాసుకుంటాను అనేవారు. నేను చదివేదాన్ని. ఆయనకి సాయం చేస్తున్నాననుకున్నాను. అంత పెద్దాయనకి మీకు కనపడటం లేదని ఎలా చెప్పను? మనసు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను.

డాక్టరు గారి షాఫ్టు పని మాస్టారు ఎవరికీ ఇవ్వలేదు. మూడు రోజులు చేశారు. మూడో రోజు మధ్యాహ్నం బేరింగుల కోసం నేను డాబాగార్డెన్స్ వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పని పూర్తయింది. షాఫ్టు తుడిచి, నూనె రాసి, బల్ల మీద పెట్టి ఉంది. ఆయన బయట పట్టాల వైపు తిరిగి కూర్చుని టీ తాగుతున్నారు. కొలిచి రాసేయమన్నారు. ఏడు పెద్ద మెడలూ సరిపోయాయి. పిస్టన్ కడ్డీలు పట్టుకునే ఆరు పిన్నులు మిగిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు సరిగ్గా ఉన్నాయి. అయిదోది తగ్గింది. వెంట్రుక మందంలో మూడో వంతు. ఆరోది కొలిచాను, బాగుంది. మళ్లీ అయిదోదానికి వచ్చాను. ఇంకోసారి కొలిచాను. పది నిమిషాలు ఊరుకుని, చేతులు కడుక్కుని, మళ్లీ కొలిచాను.

ఆ తేడాతో కూడా బేరింగు వేయొచ్చు. ఇంజిన్ నడుస్తుంది. ఏడాదికో రెండేళ్లకో చప్పుడు మొదలవుతుంది, ఏ ఘాట్ మలుపులోనో. అప్పటికి కారణం ఎవరికీ తెలియదు. కాగితం మీద ఒక అంకె మార్చి రాస్తే ఆయన పరువు నిలబడుతుంది. నిజం చెప్పాలంటే పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఏం రాయాలో తెలియక, బయటికి వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను. అయిదోది తగ్గింది మాస్టారూ అన్నాను.

ఎంతని అడిగారు, చెప్పాను. మళ్లీ కొలిచావా అన్నారు, మూడుసార్లు అన్నాను. గ్లాసు కింద పెట్టి లోపలికి వచ్చారు. తానే మైక్రోమీటర్ తీసుకుని పిన్నుకి పట్టించారు. దాని మీది అంకెల గీతలను కంటికి దగ్గరగా తెచ్చి, దూరంగా పట్టి చూశారు. తర్వాత దాన్ని మెల్లగా పెట్టెలో పెట్టేశారు.

“నాకు కనపడ్డం లేదు రత్నం,” అన్నారు. “నీకు తెల్సు గదా” అన్నారు.

తెలుసన్నాను.

“మరి సెప్పలేదేటి?”

ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు మరీ కష్టంగా తోచింది. “ఇయ్యాల కొలత సెప్పేవు, మంచిది. ఈ మాట ముందే సెప్పుంటే ఈ షాఫ్టు బతికేది. నా మనసు సూసేవు గానీ నా పని సూడలేదు నువ్వు” అన్నారు. ఆ మాట అని, నా భుజం మీద చేయి వేసి, డాక్టరమ్మ దగ్గరికి పోదాం పద అన్నారు.

సీతమ్మధార క్లినిక్‌లో టోకెన్ తీసుకుని, దగ్గుతున్న వాళ్ల మధ్య గంట సేపు కూర్చున్నాం. లోపలికి వెళ్లగానే మాస్టారు ఏ ముందుమాటా లేకుండా, షాఫ్టు పాడు చేశానని, చూపు తగ్గిందని తెలిసీ మిషన్ మీద కూర్చున్నానని చెప్పారు. నాకూ తెలుసండి, నేను చెప్పలేదు అన్నాను. సుభద్రమ్మ గారు కిటికీలోంచి బయటికి చూశారు. “ఆ బండి నాకు ఏమిటో మీకు తెలుసు కదా ఖాదర్ గారూ” అని మాత్రం అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తెలుసమ్మా అన్నారాయన. అప్పుడావిడ సొరుగు తెరిచి చిన్న టార్చి తీసి, ఆయన్ని ఇటు తిరగమని, రెండు కళ్లూ చూశారు. శుక్లాలని, రెండు కళ్లకీ ముదిరాయని, ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారని అడిగారు. ఆయన నా వైపు చూపించారు.

ఒక నెలలో ఒక కంటికి, ఇంకో రెండు నెలలకి రెండో కంటికి ఆపరేషన్ అయింది. ఈలోగా షాఫ్టుకి ఒక దారి దొరికింది. హార్బరు దగ్గర ఓడల భాగాలకి గట్టి క్రోమ్ పూత వేసేచోటు ఉంది. అయిదో పిన్ను మీద అక్కడ పూత వేయించి, దాన్ని మళ్లీ సైజుకి అరగదీయాలి. పూత పలచన, రెండో అవకాశం ఉండదు. మాస్టారికి చూపు పూర్తిగా వచ్చేసింది. ఆయనే చేస్తారనుకున్నాను. నల్లద్దాలతో వచ్చి స్టూలు లాక్కుని మిషన్ పక్కన కూర్చుని, నువ్వు చెయ్యి అన్నారు. రెండు పూటలు పట్టింది. నాలుగు గూడ్సు బండ్లు పోయాయి. అయిపోయాక ఆయన కొలుస్తుంటే నేను అటు చూడలేక షెడ్డు వెనక్కి వెళ్లి పట్టాల దగ్గర నిలబడ్డాను. లోపల్నించి బేరింగులు తెమ్మని పిలిచారు. అలా తెలిసింది సరిపోయిందని.

ఇంజిన్ బిగించిన రోజు సుభద్రమ్మ గారు బండిని ఎన్‌ఏడీ కూడలి దాకా తిప్పుకొచ్చి షెడ్డు ముందు ఆపారు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇంజిన్ ఆపకుండా అలాగే కూర్చుండిపోయారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆ బండి పాడేరు ఘాట్ ఎక్కింది.

మాస్టారు మళ్లీ గ్రైండింగ్ మిషన్ ముందు కూర్చోలేదు. కళ్లు బాగైపోయాయి కదా అని ఒకసారి అడిగాను. సెయ్యికి బెదురు పట్టింది, బెదిరిన సెయ్యి కొలతకి మంచిది, రాయికి పనికిరాదు అన్నారు. ఉన్నన్నాళ్లూ నేను చేసిన ప్రతి షాఫ్టూ ఆయనే కొలిచారు. తగ్గితే తగ్గిందనేవారు, బాగుంటే పక్కన పెట్టేవారు. ఒక వానాకాలం జ్వరంతో పడుకుని లేవలేదు. వన్‌టౌన్‌లో వాళ్లింటి గుమ్మం నుంచి ఆయన్ని మోసుకెళ్తుంటే ఆడవాళ్లతో పాటు మేడ మెట్ల మీద నిలబడి చూశాను. సుభద్రమ్మ గారు నా పక్కనే ఉన్నారు.

ఇప్పుడు నాకు ఆటోనగర్‌లో సొంత షెడ్డు ఉంది. ముగ్గురు పనిచేస్తారు. చేరిన రోజే ప్రతి ఒక్కరికీ ఒక మాట చెబుతాను. షాఫ్టులో తప్పు కనపడితే ఎలాగూ చెప్తారు, నాలో తప్పు కనపడితే కూడా చెప్పండి, నా మనసు చూడకండి అని. వింటారు, తలూపుతారు. అది ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి నిజంగా చెప్తారని ఎప్పుడూ అనుకోలేదు.

మొన్న సోమవారం అప్పలరాజు మిషన్ ఆపి నా దగ్గరికి వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు. చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

“అక్కా, ఏటనుకోకు. ఎడమ పక్కనించి పిలిత్తే నీకు ఇనపడతన్నట్టు లేదు. రాయి సప్పుడులో తేడా కూడా నువ్వు పట్టుకోలేకపోతన్నావు.”

ఒంట్లోకి సర్రుమని కోపం వచ్చింది. నా షెడ్డులో, నా మిషన్ల మధ్య, నాకు వినపడటం లేదని వీడు చెప్పడమేమిటి అనిపించింది. ఆ మాట అనకుండా, ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

వారం నుంచి అన్నాడు. రూఢి చేసుకుందామని ఆగేనన్నాడు, ఆగినందుకు తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

వారమే. నేను అయిదు నెలలు ఆగాను. అతన్ని కూర్చోమని, ఇద్దరికీ టీ తెప్పించి, ఆ రోజు చేయాల్సిన షాఫ్టు అతనికి అప్పగించి, చెవుల డాక్టరు దగ్గరికి బయల్దేరాను.