ఎసెన్‌కుల్ బండికి ఏడు విడతల రంగు

ఎసెన్‌కుల్ ఒకే వేసవిలో మూడు బండ్లు కొన్నాడని మా ఊళ్లో కొందరు నేటికీ చెబుతారు. అది నిజం కాదు. అతనికి లాటరీ తగిలిందనీ, సంగతి బయటపడకుండా పాత బండిని కొద్దికొద్దిగా మార్చుకుంటూ వచ్చాడనీ చెప్పేవారు మరికొందరు. అతను జన్మలో లాటరీ చీటీ కొనలేదు. పోలీసులు గుర్తుపట్టకుండా రంగు మార్చాడన్న మాట పక్క ఊరి సంతలో పుట్టింది. ఆ చిన్న ట్రక్కు ఇంజను దగ్గు ఇరవై ఏడేళ్లుగా వింటున్న మా పోలీసు, తల ఎత్తకుండానే అది ఎవరిదో చెప్పగలడు. చివరిది, ఇదంతా పిసినారితనమేనన్న ఆరోపణ. ఇది పొరుగింటి జపార్ చేసినది. దీనిలో కొంత పస ఉన్నట్టు కనిపిస్తుంది కనుక, దీన్ని సాక్ష్యాలతో సహా పరిశీలించవలసి ఉంది.

అసలు విషయం ఒక పొట్టేలు ప్రాణం.

ఇస్సిక్‌కుల్ సరస్సుకు దక్షిణాన ఉన్న మా ఊళ్లో ఎవరింటికైనా కొత్త బండి వస్తే ఇరుగుపొరుగు వచ్చి శుభం పలుకుతారు, యజమాని గొర్రెను కోసి విందు పెడతాడు. ఎసెన్‌కుల్ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పొట్టేలు, ఇంకోదాన్ని ఒకేసారి కొనే స్తోమత లేదు. మూడేళ్ల కిందటి మంచులో దాని తల్లి చచ్చిపోతే, ఎసెన్‌కుల్ భార్య బురుల్ దాన్ని పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలు పట్టి బతికించింది. అది మనుషులను చూసే చూపు మా పాత సమష్టి వ్యవసాయ క్షేత్రం డైరెక్టర్ చూపును తలపిస్తుంది కనుక దాని పేరు డైరెక్టర్. దాని విషయంలో బురుల్ మాట అందరికీ తెలిసినదే.

"దీని మీద కత్తి ఎత్తిన రోజు నేను మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోతా. డైరెక్టర్ ముందు సీట్లో, నేను వెనక తొట్టిలో."

బండి మాత్రం నానాటికీ తుప్పుపడుతోంది. ఒకప్పుడు నీలం రంగుదని పత్రాలు చూస్తేనే తెలుస్తుంది. మే నెలలో ఎసెన్‌కుల్ నా దగ్గరికి వచ్చాడు. నేను ఊరి పెద్దల న్యాయసభలో పదకొండేళ్లుగా ఉన్నాను, అందరూ నన్ను అక్సకాల్, అంటే తెల్లగడ్డం పెద్ద, అని పిలుస్తారు.

"అక్సకాల్, ఒక్క మాట అడగాలి. ప్యాంటుకి మాసిక వేసుకుంటే ఊరికి విందు పెడతామా?"

"పెట్టం."

"రెండో మాసిక వేస్తే?"

"పెట్టం."

"పోనీ, ఏడు మాసికలు పడ్డాయనుకోండి?"

నేను కొంచెం ఆలోచించి, "మాసిక మాసికే," అన్నాను.

అతను నా చేతిని రెండు చేతులతో పట్టుకుని మరీ కృతజ్ఞత చెప్పి వెళ్లాడు. అది ఏ ప్యాంటు అని నేను అడిగి ఉండవలసింది.

అతని ఆలోచన ఇది. బండికి ఒకేసారి రంగు వేస్తే అది కొత్త బండి అవుతుంది, విందు తప్పదు. ముక్కముక్కగా వేస్తే అది మరమ్మతు మాత్రమే. పైగా ఊరందరి ఆప్రికాట్ పళ్ల బుట్టలు సంతకు చేరేది ఆ బండిలోనే, దాన్ని రెండు రోజులకు మించి పెరట్లో నిలపడం కుదరదు. అందుచేత బండిని ఏడు భాగాలుగా విభజించాడు: రెండు తలుపులు, బానెట్, పైకప్పు, తొట్టికి రెండు పక్కలు, వెనక పలక. ఉప్పుకాగితంతో తుప్పు గీకి, కన్నాలకు లప్పం పెట్టి, అద్దాలకు పాత వార్తాపత్రికలు అంటించి, బురుల్ ఇంట్లో వాడే దుమ్ము పీల్చే యంత్రంతో రంగు చిమ్మాడు. ఆ సోవియట్ కాలపు యంత్రానికి గొట్టాన్ని వెనకవైపు తగిలిస్తే పీల్చడం మాని ఊదుతుంది. గొట్టం మళ్లీ ముందుకు మార్చి ఇల్లు శుభ్రం చేసిన మొదటి శుక్రవారం బురుల్ తివాచీ మీద ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి. ఆ రోజు అతని భోజనం పెరట్లో జరిగింది.

ఎడమ తలుపు ఆరిన రోజునే జపార్ ఆరుగురిని వెంటబెట్టుకుని గేటు తీశాడు.

"శుభం అన్నా. కొత్త తలుపు భలే ఉంది."

"కొత్తదేంట్రా, పాత తలుపే. రంగేశాను."

"పాతదైతే మొన్నటిదాకా ఇందులోంచి నీ మోకాలు కనిపించేది. ఇవాళ కనిపించదేం?"

"లప్పం పెట్టాను."

"మోకాలికా, తలుపుకా? వదినా, టీ పెట్టు. ఏడుగురం వచ్చాం."

"ఆరుగురికే పెడతా," అంది బురుల్ వాకిట్లోంచి. "నువ్వు తలుపు దగ్గర కాపలా ఉండు. ఎవరైనా ఊడబీక్కుపోతారు."

కాని ఏడుగురికీ పెట్టింది, టీతో సరిపెట్టక మాంసం కూడా పెట్టింది. ఆ ఏడుగురిలో నేను ఒకణ్ణి. ఈ సంగతి దాచడం న్యాయం కాదు.

అందరూ వెళ్లాక ఎసెన్‌కుల్ నన్ను గేటు దాకా సాగనంపుతూ భార్యను నిలదీశాడు. "మాసికకి మాంసం ఎందుకు పెట్టావే? రేపు కుడి తలుపుకీ వస్తారు."

"రానీ. రంగు సంగతి నువ్వు చూసుకో. కూర సంగతి నేను చూసుకుంటా."

వాళ్లు కుడి తలుపుకూ వచ్చారు. బానెట్‌కు పదకొండుమంది వచ్చారు. ఆ రోజు తడి రంగు మీద రెండు ఈగలు వాలి అక్కడే ఉండిపోయాయి. పైకప్పును చూడటానికి వచ్చిన ఒక ముసలమ్మ, పైకి కనిపించడం లేదని నిచ్చెన అడిగింది. ప్రతిసారీ బురుల్ సంతకు వెళ్లి ఒక మూట పట్టుకొచ్చేది, వంట చేసేది, మా ఆచారం ప్రకారం వయసు, వరస చూసి ఎవరి ఎముక వారికి వడ్డించేది.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చిపడింది. రంగు డబ్బా అయిపోయినప్పుడల్లా ఎసెన్‌కుల్ కొత్త డబ్బా కొన్నాడు. దుకాణదారు ప్రతిసారీ అదే ఆకుపచ్చ అని ప్రమాణం చేశాడు. ఎడమ తలుపు ముదురు ఆకుపచ్చ, కుడి తలుపు పచ్చి బఠాణీ, బానెట్ చెరువు పాచి. దూరం నుంచి ఒక్కొక్క వైపు చూసినవారే మూడు బండ్ల కథ పుట్టించారని నా అంచనా.

సెప్టెంబరు మధ్యలో వెనక పలకకు రంగు పడింది. ఇక బండిలో పాత రంగు ఎక్కడా మిగల్లేదు. ఆ సాయంత్రం డైరెక్టర్ కట్టు తెంచుకుని వచ్చి, ఒళ్లు దురద కాబోలు, ఆ తడి పలకకు ఆనుకుని తీరుబడిగా రుద్దుకుంది. దాని కుడి పక్క ఆకుపచ్చ అయింది, పలక మీద గుప్పెడు ఉన్ని అతుక్కుంది.

గోడ మీంచి జపార్ అంతా చూశాడు. "చూశావా అన్నా, అదే ముందుకొచ్చింది. వేలిముద్ర కూడా వేసింది."

మర్నాడు అతను న్యాయసభకు ఫిర్యాదు చేశాడు. మేం ముగ్గురం పెద్దలం ఎసెన్‌కుల్ పెరట్లోనే కంబళి పరచుకుని కూర్చున్నాం. ముగ్గురమూ ఆ ఇంటి విందు ఆరుసార్లు తిన్నవాళ్లమే. తినని వారి కోసం ఊరంతా వెతికించాను. దొరకలేదు.

జపార్ నిలబడి తన వాదన చెప్పాడు. "మాసికలు ఎన్నేసినా అడుగున పాత ప్యాంటు కనిపించాలి. ఈ బండిలో పాత రంగు గోరంతైనా చూపించమనండి. ప్యాంటు మొత్తం మాసికలే అయితే అది కొత్త ప్యాంటే. ఊరికి గొర్రె రావాలి. అదిగో, ఆకుపచ్చగా నిలబడుంది."

వాదనలో బలం ఉంది. మేలో నేను చెప్పిన మాట తొందరపాటుదని సభలో ఒప్పుకున్నాను. ఎసెన్‌కుల్ తల వంచుకుని గోళ్లలోని రంగు గీక్కుంటూ ఉండిపోయాడు. బురుల్ వెళ్లి డైరెక్టర్ పక్కన నిలబడి దాని మెడ మీద చెయ్యి వేసింది.

"జపార్, నిన్ను కొన్ని అడుగుతా, నిజం చెప్పు," అంది. "ఎడమ తలుపు రోజున నీకేం వడ్డించాను?"

"జబ్బ చివర ముక్క. నాకన్నా రెండేళ్లు చిన్నవాడైన కసిమ్‌కి పైముక్క వేశావు వదినా. నేనింకా మర్చిపోలేదు."

"ఏ జబ్బ?"

"ఎడమ జబ్బ. కుడిది కుడి తలుపు రోజున పెట్టావు. అప్పుడూ కసిమ్‌కే పైముక్క."

"బానెట్ రోజున?"

"తలకాయ వండావు. తల అక్సకాల్‌కి పెట్టావు, అది న్యాయమే. నాకేమో చెవి. చెవి పిల్లలకిచ్చేది వదినా, నాకు యాభై నాలుగేళ్లు."

"పైకప్పుకి?"

"వెన్ను."

"తొట్టి పక్కలకి?"

"ఎడమ పక్కకి ఎడమ తొడ, పక్కటెముకలు. కుడి పక్కకి..." జపార్ ఆగిపోయాడు. కూర్చున్నవారంతా వేళ్లు మడుస్తున్నారు. మా ఊళ్లో ఎవరి పెళ్లి ఏ ఏట జరిగిందో మరిచిపోవచ్చు గాని, ఏ విందులో ఎవరికి ఏ ఎముక వచ్చిందో ఎవరూ మరిచిపోరు. ఇంత గట్టి సాక్ష్యం పదకొండేళ్లలో నాకు దొరకలేదు.

"కుడి తొడ, మిగిలిన పక్కటెముకలు," అని వాక్యం పూర్తి చేసింది బురుల్. "ఇప్పుడు చెప్పు. గొర్రెలో ఊరికి ఇంకా రావలసింది ఏంటి?"

జపార్ చాలాసేపు డైరెక్టర్ వెనక భాగం కేసి చూశాడు. "తోక," అన్నాడు చివరికి.

బురుల్ ఇంట్లోకి వెళ్లి ఒక పళ్లెం తెచ్చి కంబళి మీద పెట్టి గుడ్డ తీసింది. ఉడికించిన తోక, సంతలో కొన్నది, మా గొర్రెలకు కొవ్వంతా పేరుకునే చోటు, ఆవిరి కక్కుతూ ఉంది.

"మొదటి రోజు నుంచీ అనుకున్నదేనా ఇది?" అని అడిగాడు ఎసెన్‌కుల్.

"మాసికల సంగతి నువ్వు అక్సకాల్‌ని అడగడానికి వెళ్లావే, ఆ రోజు నుంచి."

ఇద్దరు పెద్దలతో సంప్రదించి, తోక తిన్నాక, నేను తీర్పు చెప్పాను: ఊరి బాకీ తీరింది, డైరెక్టర్ జోలికి ఎవరూ వెళ్లకూడదు. కొవ్వులో పెద్ద ముక్క జపార్‌కు వేయమని బురుల్‌ను కోరాను. ఆమె వేసింది. అతను దాన్ని కసిమ్‌కు ఎత్తి చూపించి మరీ తిన్నాడు.

ఎసెన్‌కుల్ నిజంగా చేసింది ఇంతే. మే నుంచి సెప్టెంబరు వరకు తన పెరట్లో ఒకే ఒక్క పాత బండికి ఏడు విడతల్లో ఏడు రకాల ఆకుపచ్చ రంగు వేశాడు. విందు తప్పించుకోవాలని చూసిన మాట వాస్తవం, తప్పించుకోలేదన్నదీ వాస్తవం. ఊరికి రావలసిన గొర్రె, అతనికి తెలియకుండానే, అతని భార్య చేతి మీదుగా ఏడు విడతల్లో ఊరికి అందింది. పిసినారి అన్న ఆరోపణ నిలవదు. పొట్టేలు బతికే ఉంది. రంగు వేయడం మాత్రం అతనికి రాదు.