ఇప్ప మీద కట్టిన సపోటా

మా పాత ఇంటి వెనక సపోటా చెట్టు నా భార్య పెట్టింది. కూతురు పుట్టిన ఏడు అశ్వారావుపేట నుంచి అంటుమొక్క తెప్పించి తనే గొయ్యి తవ్వి నాటింది. పండు సగటున నూట పది గ్రాములు తూగేది. నేను మణుగూరులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాను. బడి ఏడో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఏది కనబడినా తూచి, కొలిచి, పుస్తకంలో రాయడం అలవాటు.

భార్య జ్వరంతో పోయింది. మూడేళ్ల తర్వాత ఓపెన్‌కాస్టు గని మా ఊరిదాకా వస్తుందని, పదహారు నెలల్లో ఖాళీ చేయాలని చెప్పారు. ఇంటికి బదులు కాలనీలో ఇల్లు ఇస్తారు. చెట్టుకు బదులు చెట్టు ఉండదు. కూతురు అప్పుడు భద్రాచలంలో నర్సింగు చదువుతోంది. ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"ఇల్లు పోతే పోనియ్ నాన్నా. అమ్మ చెట్టు మాత్రం బతకాలె."

గింజ నాటితే అదే చెట్టు రాదు. అదే రావాలంటే దాని కొమ్మను వేరే మొక్క వేరు మీద అంటు కట్టాలి. సపోటాకు వేరుగా పనికొచ్చేది అడవి పాలచెట్టు మొక్క. కానీ గింజ నుంచి పెన్సిలు లావు కావడానికి పాలకు రెండేళ్ల పైన పడుతుంది. అడవిలో ముదురు మొక్కలు రెండు తవ్వి తెచ్చాను, రెండూ ఎండిపోయాయి. ఇప్ప కూడా సపోటా కులానిదేనని, దాని మీదా అంటు పడుతుందని ఎక్కడో చదివాను. ఇప్ప మొక్క ఏడాదిలోపే ఆ లావు అవుతుంది. పదహారు నెలల్లో అంటు అతుక్కోవడానికి మూడు తీసేస్తే పదమూడు. పాల అందులో పట్టదు, ఇప్ప పడుతుంది. లెక్క అంతే.

అడవి ఊరి నుంచి ఇప్పపువ్వు, విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్మడానికి వచ్చే కోయ అవ్వను ఇప్పగింజలు తెమ్మన్నాను. ఎందుకో తెలిశాక ఆమె గంప దించి చాలాసేపు నవ్వింది.

"ఇప్ప తల కోసి దానికి ఇంకోదాని తల పెడతవా సారూ? మేము ఇప్పకు కత్తి పెట్టం."

"పాలకు టైము లేదవ్వా."

"చెట్టును గూడ నీ కాటా మీద పెట్టినవా ఏంది? పాల మెల్లగనే లేస్తది. లేసినంక పడదు."

అది వాళ్ల నమ్మకం అనుకున్నాను. గింజలు తెచ్చింది. వాటితోపాటు, అడగకుండానే, వేలెడంత పాల మొక్కలు రెండు ఆకులో చుట్టి తెచ్చింది. కాదనలేక, అప్పటికే మాకు రాసిచ్చిన కాలనీ ఇంటి గోడ వెంట పెట్టాను.

పెన్సిలు లావైన పన్నెండు ఇప్ప మొక్కలను సంచులతో సహా చెట్టు మీదికెక్కించి, ఒక్కోదాన్ని ఒక్కో కొమ్మకు చెక్కి కట్టాను. తొమ్మిది అతుక్కున్నాయి. ఊరు వదిలే నెలలో వాటిని కోసి తెచ్చుకున్నాను. పాత చెట్టు ఉన్నచోట ఇప్పుడు గని మట్టి కుప్ప ఉంది.

తొమ్మిదీ మొదట బాగా పెరిగాయి. తర్వాత ఒకటొకటిగా పోయాయి. ఒకదానికి చెదలని, ఒకదానికి మేకని, రెండింటికి నీళ్లెద్దడి అని రాసుకున్నాను. పోయిన ప్రతిదానికీ అంటు దగ్గర బుడిపె లావుగా ఉండేది. అదీ కొలిచాను, సెంటీమీటర్లలో. లావైతే గట్టి అనుకున్నాను.

చివరికి ఒకటే మిగిలింది. నాలుగో ఏడు పదకొండు కాయలు కాసింది. కూతురు సెలవు పెట్టి చూడడానికి వచ్చింది. ఆ సాయంత్రమే గాలిదుమారం లేచింది. పెద్ద గాలేం కాదు, కాలనీలో ఒక్క రేకు కూడా లేవలేదు. మా సపోటా మాత్రం అంటు దగ్గర ఊడి పడింది. చీలలేదు, పీచు తేలలేదు. గిన్నె మీద నుంచి మూత తీసినట్టు నున్నగా విడిపోయింది. నాలుగేళ్లూ రెండు కట్టెలు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి తప్ప ఒకటి కాలేదు.

కూతురు ఆ నున్నటి చోట వేలు పెట్టి చూసింది.

"అమ్మ జ్వరం గూడ నువ్వు రాసినవ్ కదా నాన్నా."

రాశాను. నాలుగు గంటలకోసారి. నూట మూడున్నర, నూట రెండు, నూరు, తొంభై తొమ్మిది. అంకె దిగుతోందని ఖమ్మం పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. కడుపు నొప్పి అంటే నీరసం అన్నాను. అది డెంగీ అని తర్వాత తెలిసింది.

"ఆ జ్వరం దిగినంకనే అసలు ముప్పు, అప్పుడే చూసుకోవాలె," అంది. "మాకు మొదటి ఏడాదే చెప్పిన్రు. నీకు ఎవరూ చెప్పలేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

గోడ పక్క పాల మొక్కలు రెండూ ఎప్పుడో పెన్సిలు లావు దాటాయి, నేనే కొలవలేదు. పడిన కొమ్మ ఆకులు ఇంకా వాడలేదు. లేత కొసలు రెండు కోసి, పాల మొక్కల తల కోసి చీల్చి అందులో దించాను. కట్టు ఆమె కట్టింది. దవాఖానాలో కట్టినట్టే, వదులు లేకుండా. ఎన్ని రోజులు చూడాలని అడిగింది. నలభై అన్నాను.

ఆమె వెళ్లాక రోజూ చూసి రాశాను. పచ్చగా ఉంది. పచ్చగా ఉంది. ఇరవై మూడో రోజు ఒకదాని ఆకు రాలింది, ఇరవై ఆరో రోజు రెండోదానిది. గోటితో గీరితే లోపల రెండూ గోధుమరంగు. కింద పాల మాత్రం తన చిగురు తను వేసుకుంటోంది.

ఆదివారం కూతురికి ఫోనులో చెప్పాను. ఎప్పుడు ఎండినయ్ అని అడిగింది. ఆకు రాలిన రోజులు చెప్పాను. లోపల ఎప్పుడు ఎండాయో పుస్తకంలో లేదు.